ఎనిమిది మంచాల ఇల్లు

ఈ రోజు స్కూలుకు సెలవు పెట్టి, మా ఊరు నార్త్‌డేల్‌లో పక్కింటి సావిత్రమ్మనూ, ఆవిడ తమ్ముడు రామునూ తాగుడు మాన్పించే కేంద్రాలు చూపించడానికి తీసుకెళ్ళాను. విదేశీ చెప్పులు వచ్చిపడి, తను పనిచేసే చెప్పుల ఫ్యాక్టరీ మూతపడ్డప్పటి నుంచీ రాము పొద్దున్నే తాగడం మొదలుపెడుతున్నాడు.

మొదటిది పెద్ద ఆసుపత్రిలా ఉంది. వంద మంచాలు, రోజంతా డాక్టర్లు. రామును ఎవరూ పేరు అడగలేదు, నంబరు చీటీ ఇచ్చారు. లెక్కల టీచర్ని కదా, పెద్ద అంకె చూసి నాకు అదే మేలనిపించింది.

రెండోది రైస్‌థార్ప్ అనే పేటలో, ఒక వెనక వీధిలో ఎనిమిది మంచాల ఇల్లు. దాన్ని నడిపే పెద్దావిడ కబుర్లాడుతూనే రాము చేతికి కత్తి ఇచ్చి బీన్స్ తరగమంది.

"అక్కా, ఇక్కడే ఉంటా," అన్నాడు రాము. "ఆ పెద్ద జాగాలో నేను పారిపోయినా ఎవురికీ తెలీదు. ఇక్కడ ఒక ప్లేటు మిగిలిపోద్ది."

సావిత్రమ్మ ఏడ్చేసింది. నేనూ మనసు మార్చుకున్నాను. పెద్దావిడ మాత్రం వణుకుతున్న అతని చేతుల్నే చూస్తోంది.

"నో, రాము. తాగుడు ఆపితే ఫిట్స్ రావచ్చు. మా కాడ డాక్టర్ లేడు. ఫస్ట్ వీక్ అక్కడ ఉండి రా. నీ మంచం ఎవురికీ ఇవ్వను," అంది.

మళ్ళీ పెద్ద చోటికే వెళ్ళాం.  రాము గేటు దగ్గర బండి దిగి, మా వైపు చూడకుండా లోపలికి నడిచాడు.

ఇంటికొచ్చాక ఆ కేంద్రానికి మూడుసార్లు ఫోన్ చేశాను, లైన్ దొరకలేదు. సావిత్రమ్మ మా గుమ్మంలోనే కూర్చుంది. సరైన పనే చేశామని తెలుసు, అయినా నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఇలాంటి మొదటి వారం గడిపినవాళ్ళుంటే, ఎలా గడిపారో చెప్పండి.