మగ్గం గుంటలో చలికాలం

మా చిన్నప్పుడు చలికాలంలో పొద్దు గూకకముందే బాపు మమ్మల్ని మగ్గం గుంటలోకి దింపేవాడు...

నేత ఇండ్లవాళ్లకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. నేసేవాడు నేల మీదే కూర్చుంటాడు, కాళ్లు మాత్రం గుంటలో ఉంటాయి. లోపలున్న కట్టెలను తొక్కుతూ నేయాలి. బయట ఇగం పెడుతుంటే ఆ గుంటలో మాత్రం వెచ్చగా ఉండేది. మట్టి వెచ్చదనం...

నేనూ చెల్లె గోనెపట్ట మీద ముడుచుకుని కూర్చునేవాళ్లం. నెత్తి మీద మగ్గానికి నిలువునా సాగదీసిన పడుగు దారాలు. వాటి సందుల్లోంచి దీపం వెలుగు. చెల్లె ఊరుకోదు, బాపు కాలి బొటనవేలు పట్టి లాగేది.

"ఎవర్రా అది? ఎలుకనా?"

"ఎలుక గాదు బాపూ, నేను!"

"అరె, ఎలుకకు మాటలు గూడ వచ్చినయే!"

అంతే. రోజూ అదే మాట, రోజూ నవ్వేవాళ్లం.

ఇన్నేండ్లకు ఈ చలికాలం ఆ గుంట మళ్లీ తెరిచాను...

మా కోడలు పోయింది. బతుకమ్మ పండుగ దాటాక జ్వరం వచ్చింది, తగ్గలేదు. కొడుకు నల్గొండలో బట్టల దుకాణంలో పని చేస్తాడు. తొలి బస్సుకు పోతే చీకటి పడ్డాకే రావడం. మా ఇంటామె ఎప్పుడో పోయింది. ఇంట్లో నేనూ, ఏడేండ్ల మనుమరాలు శ్రీజ, మూడు నిండిన మనుమడు బన్ని.

నాకు మొదటి నుంచీ మాటలు తక్కువ. పిల్లల్ని ఆడించడం ఆడవాళ్ల పని అనుకుని బతికినవాణ్ణి.

పొద్దు వాలితే చాలు, బన్ని పోయి గడప మీద కూర్చునేవాడు. వాళ్లమ్మ పత్తి ఏరడానికి పోయి ఆ వేళకే ఇల్లు చేరేది. ఎత్తుకొస్తే ఒళ్లు విరుచుకుని ఏడుపు. ఫోన్ చేతికిచ్చినా చూడడు. చలిగాలికి దగ్గు పట్టుకుంది, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. దవాఖానలో డాక్టరమ్మ ఒకటే చెప్పింది, చలిలో ఉంచొద్దని. నాకు ఇక అదే ఫికర్... వాణ్ణి ఆ గడప మీది నుంచి ఎట్లా లోపలికి తేవాలి?

పక్కింటి ఎల్లమ్మ నాకు వరసకు మరదలు. ఒకరోజు చూసి ఊరుకోలేదు.

"ఏం బావా, పోరన్ని గిట్ల చలిల కూసోబెట్టినవ్? గడ్డం నెరిసింది గని సోయి రాలె నీకు."

"రమ్మంటె వస్తలేడు ఎల్లవ్వా."

"నువ్వు పిలిస్తె ఎవలొస్తరు? నీ నోట్లె మాట నీకే ఇనవడదు."

నిజమే మరి...

అప్పుడు గుర్తొచ్చింది గుంట. చూపు తగ్గాక మగ్గం విప్పేశాను, గుంట మీద పలకలు కప్పి ఉన్నాయి. మరునాడు పలకలు తీసి, దులిపి, గోనెపట్ట పరిచాను. సాయంత్రం బన్నిని ఎత్తుకొచ్చి అందులోకి దింపబోయాను.

వాడు నా మెడ పట్టుకుని వదల్లేదు. అంత చిన్న చేతుల్లో అంత బలం ఎక్కడిదో...

"మట్టి పొయ్యకు తాతా... మట్టి పొయ్యకు..."

నాకు వెంటనే తట్టలేదు. శ్రీజ వచ్చి నా చెయ్యి గుంజింది.

"తాతా, అమ్మను గిట్లాంటి దాంట్లనే పెట్టిండ్రు గద. వాడు చూసిండు."

మావాళ్లలో మట్టిలోనే పెడతారు. ఇంటివాళ్లందరూ తలా పిడికెడు మట్టి వేయాలి. ఆనవాయితీ అని ఆరోజు బన్నిని ఎత్తుకుని వాడి చేత కూడా వేయించాం...

వాణ్ణి కింద దించాను. గుంట మూసేద్దామని గోనెపట్ట తీయడానికి నేనే లోపలికి దిగి వంగాను. వంగితే పైనున్నవాళ్లకు కనపడను.

"తాతా!"

లేచి నిలబడ్డాను. బన్ని అంచు దగ్గర ఉన్నాడు.

"వచ్చినవా?"

"వచ్చిన బిడ్డా."

వాడు నవ్వాడు. వాళ్లమ్మ పోయాక అదే మొదలు.

"మల్ల" అన్నాడు.

మళ్లీ వంగాను, మళ్లీ లేచాను. మోకాళ్లు పట్టేసేదాకా అదే ఆట. తర్వాత శ్రీజ దిగింది. గోనెపట్ట కప్పుకుని ఒక్కసారి లేచి "బౌ!" అంటే వాడు కిందపడి నవ్వు.

"తాత కన్న నేనే మంచిగ చేస్తున్న" అని అది నన్ను ఎక్కిరింపు.

ఆ రోజు నుంచి పొద్దు వాలితే వాడే లోపలికి వచ్చేవాడు. అనపకాయలు ఉడకబెట్టి గిన్నెలో పోసిస్తే గుంట అంచున కూర్చుని ఒలుచుకుని తినేవాడు. దగ్గు తగ్గింది. తలుపు మూసుకుని ముగ్గురం నవ్వేవాళ్లం... నా ఇంట్లో నవ్వులు వినపడ్డాయని ఎల్లమ్మ గోడ మీది నుంచి తొంగి చూసింది కూడా.

ఇక గండం గడిచింది అనుకున్నాను.

మొన్న ఆట ఆడుతున్నాం. నేను దిగి లేచాను. శ్రీజ దిగి లేచింది. వాడు చప్పట్లు కొట్టి, ఇద్దరినీ పక్కకు జరగమన్నాడు.

"ఇగ అమ్మ" అన్నాడు.

శ్రీజ నా మొహం చూసింది. నేను గోడ వైపు చూశాను.

వాడు వంగి గుంటలోకి పిలిచాడు. "అమ్మా... రా..." నవ్వుతూనే పిలిచాడు. కాసేపాగి మళ్లీ పిలిచాడు...

ఇప్పుడు వాడు గడప మీద కూర్చోవడం లేదు. గుంట అంచున కూర్చుంటున్నాడు. చలిగాలి తగలదు, ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. నేను దిగితే "నువ్వు గాదు తాతా" అంటాడు. పలకలు కప్పేద్దామంటే చెయ్యి రావడం లేదు. కప్పితే వాడు ఏమనుకుంటాడో నాకు తెలుసు.

మా చిన్నప్పుడు ఇంట్లో చావు జరిగితే పసిపిల్లల కాళ్లు నేలకు తగలనిచ్చేవాళ్లు కాదు. మేనత్త ఒళ్లో నుంచి చిన్నమ్మ ఒళ్లోకి, అక్కడి నుంచి ఇంకెవరి చంకలోకో... వాళ్లు పిల్లలకు ఏదో చెప్పేవాళ్లు. పిల్లలు ఊరుకునేవాళ్లు. ఏం చెప్పేవాళ్లో నేనెప్పుడూ చెవి పెట్టి వినలేదు. ఇప్పుడు మా వాడకట్టులో సగం ఇండ్లకు తాళాలు, అడుగుదామంటే ఆ ఆడవాళ్లు ఒక్కరూ లేరు. ఎల్లమ్మకూ గుర్తు లేదట.

మీ ఇండ్లల్లో పెద్దవాళ్లు ఏమని చెప్పేవాళ్లు? ఎవరికైనా గుర్తుంటే కింద రాయండి. వాడికి చెప్పాలి...