అడ్రసమ్మ నేర్చుకున్న ఇటాలియన్

మా అక్కకి ఫోన్ చేసి "హలో" అనిపించుకున్నవాళ్ళు ఈ భూమ్మీద లేరు. ఎవరు చేసినా, ఆఖరికి కన్నకూతురు చేసినా, ఎత్తగానే మొదటి మాట "ఎక్కడున్నారు?" అనే. ఇరవై రెండేళ్ళుగా అంబులెన్స్ కంట్రోల్ రూములో ఫోన్లెత్తుతోంది మరి. హెడ్‌సెట్ ఆనే చోట జుట్టు అణిగిపోయి ఇంకో పాపిడిలా తయారైంది. కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడ చెప్పే పాఠం ఒక్కటే: "వాళ్ళు కథ మొదలుపెడతారు. వినొద్దు. ముందు అడ్రస్. లైను తెగిపోయినా మన దగ్గర అడ్రస్ మిగలాలి." అందుకే అక్కడందరూ ఆవిణ్ణి అడ్రసమ్మ అంటారు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం ఎవరికుంది?

నేను ఆవిడ చెల్లెల్ని. వాళ్ళ పై వాటాలో కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతున్నాను. నా నోరు మంచిది కాదంటుంది అక్క. నీ చెవి మంచిది కాదంటాను నేను. ఎదుటి మనిషి ఏం చెబుతున్నా పట్టించుకోకుండా తను అడిగిందే అడుగుతుంది.

బావ పాలరాయి మేస్త్రీ. నలభై ఏళ్ళు వాళ్ళ ఇళ్ళకీ వీళ్ళ ఇళ్ళకీ నేలలు పరిచి మోకాళ్ళు అరగదీసుకున్నాడు. మంచి ఇటాలియన్ రాయి చెక్కపెట్టెల్లో వచ్చినప్పుడల్లా దానిమీద అరచెయ్యి ఆనించి, "దీన్ని కన్న కొండని ఒక్కసారి చూడాలోయ్" అనేవాడు. పోయిన ఏడాది పనిలో ఉండగానే గుండెపోటు వచ్చింది. ఆ ఫోన్ అక్క పక్క సీటుకి వెళ్ళింది. పక్కమ్మాయి అడ్రస్ పైకి చదువుతుంటే అది బావ పనిచేస్తున్న ఇల్లని అక్కకి తెలిసిపోయింది. అయినా తన చేతిలో ఉన్న ఫోన్ పెట్టెయ్యలేదు. ఆ మనిషి ఎవరో, వాళ్ళ అడ్రస్ రాసుకున్నాకే కుర్చీలోంచి లేచింది. ఆ సంగతి నాకు ఆ పక్కమ్మాయి చెప్పింది, అక్క ఇప్పటికీ చెప్పలేదు.

బావ గుండెకి స్టెంట్ వేశారు. లేచి కూర్చున్నాక మొదట అడిగింది ఆ కొండ గురించే. డాక్టరు జాగ్రత్తగా వెళ్ళి రమ్మన్నాడు. అక్క మాత్రం ససేమిరా అంది.

"అక్కడ మీకేమన్నా అయితే ఫోనెత్తేవాళ్ళు ఏ భాషలో మాట్లాడతారు? ఇటాలియన్‌లో. అది నాకొచ్చేదాకా టికెట్ల మాటెత్తొద్దు" అంది.

"ఫోన్లో యాప్ ఉంటుంది కదమ్మా" అంది కూతురు.

"ఫోన్లో యాప్ చూస్తూ కూర్చుంటే ఫోన్ ఎవరు మాట్లాడతారే?" అని దాని నోరు మూయించింది. వెళ్ళేది అక్కా, బావా, తోడుగా నేనూ. మా ముగ్గురి ఇంగ్లీషూ కలిపినా ఒక వాక్యం పూర్తికాదు, కాబట్టి ఆ దారీ లేదు.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉంటాడు. విదేశీ ఓడల్లో ముప్ఫై ఏళ్ళు వంట చేసి వచ్చాడు. ఇటాలియన్ గడగడా మాట్లాడతాడు. అక్క నోటుపుస్తకం పట్టుకుని వెళ్ళి ఆయన వంటగదిలో కూర్చుంది. నేనూ వెళ్ళాను, తమాషా చూద్దామని.

"మొదటి పాఠం, అమ్మా. నమస్కారం, నేను ఫలానా, నేనిక్కడున్నాను, ఒక కాఫీ ఇవ్వండి" అని మొదలుపెట్టాడాయన.

"అవన్నీ వద్దు బాబాయిగారూ. కాఫీ దొరక్కపోతే ఎవరూ చచ్చిపోరు. నేను రాసుకొచ్చాను, ఇవి చెప్పండి చాలు" అంది అక్క.

ఆయన కళ్ళజోడు సర్దుకుని కాగితం చదివాడు. ఎక్కడున్నారు? వయసెంత? ఊపిరి తీసుకుంటున్నారా? స్పృహలో ఉన్నారా? ఫోన్ పెట్టెయ్యకండి.

"అన్నీ ప్రశ్నలేనేమమ్మా? జవాబులు వద్దా?"

"జవాబులు ఫోన్ చేసినవాళ్ళు చెబుతారు కదండీ" అంది అక్క.

ఆయన తలూపాడు. నేనూ తలూపాను. ఆ ఇంట్లో ముగ్గురు పెద్దమనుషులం ఉండి, ఆ మాటలో ఉన్న తప్పు ఒక్కరికీ కనబడలేదు! ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఫోన్లో అడగడమే విన్నాం, చెప్పడం ఎప్పుడు విన్నాం కనక?

అంకెలు మాత్రం ఆయన పట్టుబట్టి నేర్పించాడు, తలుపు నంబర్లకైనా కావాలని. నాలుగు నెలలు ఇల్లంతా ఇటాలియనే. బట్టలు ఆరేస్తూ "దొవె సియేతె?", అదే, ఎక్కడున్నారని, బావకి మాత్రలిస్తూ "రెస్పీరా?" అనేది. "ఊపిరి తీసుకుంటున్నానే తల్లీ, ఊపిరాడనిస్తే కదా" అనేవాడు బావ.

చివరికి ముగ్గురం బయల్దేరాం. అయిదో రోజున ఆ తెల్లకొండ కింద ఉన్న ఊరు చేరాం. రాళ్ళు కోసే యార్డు ఒకటి కనబడింది. భోజనాల వేళ, లోపల యంత్రాలు ఆపేశారు, వీధిలో నరమానవుడు లేడు. గేటు పక్కన నా ఎత్తు రాయి ఒకటి నిలబెట్టి ఉంది. బావ దానిమీద రెండు చేతులూ ఆనించాడు.

"ఎలా ఉంది బావా?"

"చల్లగా ఉంది మరదలా" అన్నాడు. అంటూనే రాయి పట్టుకుని జారి కింద కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట. చెయ్యి గుండెల మీదికి పోయింది.

అక్క చేతులు వాటి పని అవి చేశాయి. గుండీలు విప్పింది, మాత్ర నమలమని నోట్లో పెట్టింది, ఫోన్ తీసి నంబరు నొక్కింది. అవతల ఒక ఆడగొంతు పలికింది.

"దొవె సియేతె?"

"దొవె సియేతె?" అంది అక్క, ఠక్కున.

అవతలావిడ మళ్ళీ అడిగింది. అక్క ఇంకా గట్టిగా, తాగి ఫోన్ చేసినవాళ్ళని గదమాయించే గొంతుతో మళ్ళీ అదే అడిగింది. ఆ దేశపు అడ్రసమ్మా, మా అడ్రసమ్మా ఎక్కడున్నావంటే ఎక్కడున్నావని ఒకరినొకరు నిలదీసుకుంటున్నారు. ఇప్పుడు చెబితే మీకు నవ్వొస్తుంది, నాకూ వస్తుంది. అప్పుడు మాత్రం రాలేదు.

"అక్కా! ఫోన్ చేసింది నువ్వే! చెప్పాల్సింది నువ్వు!" అని అరిచాను.

"నేనా?" అంది అక్క. బావ వంక చూసింది. అంత భయం ఆవిడ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. తెలుగులో మొదలుపెట్టింది: "పొద్దున బాగానే ఉన్నారండీ. కాఫీ తాగారు. నాతో పోట్లాడారు కూడా. ఈ రాయి కోసం ఎన్నాళ్ళుగానో..." కథ! ఎవరినీ చెప్పనివ్వని కథ తనే చెబుతోంది.

రాయికి చేరగిలబడ్డ బావ కళ్ళు తెరిచి, పీలగొంతుతో అన్నాడు, "ఏమోయ్. ముందు అడ్రస్."

అక్క చటుక్కున లేచింది. లేని హెడ్‌సెట్టుని చేత్తో సర్దుకుంది. గోడ మీద పలక చూసి వీధి పేరు అక్షరం అక్షరం చదివింది, రెండుసార్లు. తలుపు నంబరు పద్నాలుగు, క్వత్తోర్దిచి. తర్వాత అవతలావిడ అడిగేదాకా ఆగనే లేదు. ఏం అడుగుతారో, దేని తర్వాత ఏది అడుగుతారో అక్కకంటే ఎవరికి తెలుసు? బావ వయసు చెప్పింది. రెస్పీరా, అంది. స్పృహలో ఉన్నాడంది. గుండె మీద చెయ్యి వేసుకుని చూపించింది, ఫోన్లో కనబడదని కూడా మర్చిపోయి.

అంతా చెప్పేశాక ఇంకేం మిగల్లేదు. ఫోన్ రెండు చేతులతో చెవికి అదుముకుని బావ పక్కన కూలబడింది. అవతలావిడ ఫోన్ పెట్టెయ్యలేదు. ఏదో ఒక మాట, ఒకే మాట, మెల్లగా చెబుతూనే ఉంది. "సొనో క్వి, సిన్యోరా. సొనో క్వి." పదకొండు నిమిషాలకి అంబులెన్స్ వచ్చింది. అందాకా చెబుతూనే ఉంది.

బావ బతికాడు. ఆరు రోజులు అక్కడి ఆస్పత్రిలో ఉంచి పంపారు. ఆ కిటికీలోంచి కొండ బాగా కనబడేదని, డబ్బులిచ్చినా అలాంటి గది దొరకదని ఇప్పటికీ గొప్పలు చెబుతాడు.

తిరిగొచ్చిన మర్నాడే అక్క నన్ను వెంటబెట్టుకుని వంటాయన ఇంటికి వెళ్ళింది.

"బాబాయిగారూ, సొనో క్వి అంటే ఏమిటండీ?"

"నేనిక్కడే ఉన్నాను అని. మొదటి పాఠంలోదే కదమ్మా, నువ్వే వద్దన్నావు."

అక్క ఆయన ముందే భోరుమంది. "ఇరవై రెండేళ్ళే! ఒక్కళ్ళకైనా ఆ మాట చెప్పలేదే నేను" అంది నాతో. అడ్రస్ రాసుకోవడం, బండి పంపడం, తర్వాతి ఫోన్ ఎత్తడం, అంతే ఆవిడకి తెలిసింది. తప్పు కూడా కాదు, పని అలాంటిది. ఆ మాటే అన్నాను. విన్నదో లేదో.

ఆ సోమవారం అక్క తన కళ్ళజోడు మర్చిపోతే ఇవ్వడానికి కంట్రోల్ రూముకి వెళ్ళాను. గాజు తలుపు తోసేసరికి అక్క ఎవరితోనో మాట్లాడుతోంది. ఎక్కడున్నారు అని అడిగింది, రాసుకుంది, బండి పంపింది. మామూలుగా అయితే అక్కడితో సరి. ఈసారి వేలు లైను కట్ చేసే మీట దాకా వెళ్ళి ఆగిపోయింది.

"వస్తున్నారమ్మా. నేనిక్కడే ఉన్నాను" అంది. కాసేపాగి మళ్ళీ అంది, "ఇక్కడే ఉన్నాను."

నా నోరు మంచిది కాదు, నిజమే. కానీ ఆ రోజు కళ్ళజోడు ఆవిడ బల్ల మీద పెట్టి, చప్పుడు కాకుండా తలుపు వేసి వచ్చేశాను.