నేను తిప్పిన రెండు చుట్లు

మా బాపు తుంటి విరగడానికి మెకానిక్ సత్తయ్య చేతగానితనమే కారణమని సెంటినరీ కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. దాన్ని పుట్టించింది నేను కాదు. కానీ పదేళ్లకు పైగా అన్నం పెట్టి పెంచింది మాత్రం నేనే. ఇక మోయలేక రాస్తున్నాను. పేరు చెప్పను. చెబితే మీరు సంగతి వదిలి మనిషిని పట్టుకుంటారు.

బాపు బొగ్గు బావిలో షిఫ్టు కూలీల మీద సర్దార్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకున్న ఒకే ఒక పిచ్చి, నాకంటే వయసులో పెద్దదైన కారు. గేరు స్టీరింగు పక్కనే ఉండేది. పాత గేరుబాక్సు అరిగిపోయి, సామాన్లు దొరక్క, సత్తయ్య ఐదు గేర్ల కొత్తది తెచ్చి బిగించాడు. గేరు లివరు సీటు పక్కకు వచ్చింది. తంటాలూ వచ్చాయి. రెండో గేరు కరకరమనేది, పడేది కాదు. సత్తయ్య నాలుగు ఆదివారాలు కారు కింద పడుకుని, లివరును గేరుబాక్సుకు కలిపే రాడ్డు పొడవు సవరించాడు.

"రెండోది జర గట్టిగనే ఉంటది. తిరుగంగ తిరుగంగ సాపైతది" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. కాలేజీలో ఫిజిక్సు చెప్పేదాన్ని. ఒప్పుకోవడం నాకెప్పుడు వచ్చింది గనక? రాడ్డు ఇంకాస్త పొట్టి చేయాలని వాదించాను. అతను పానా తుడుచుకుంటూ నవ్వాడు.

"ఫిజిక్సు అక్కా, ఇది పరీక్ష పేపర్ గాదు, దిద్దుతందుకు."

ఆ నవ్వు గుచ్చుకుంది. అంతే. ఇంత చిన్న కారణమా అని మీరనుకోవచ్చు. నేనూ రోజూ అనుకుంటాను.

మర్నాడు బాపు ఇంట్లో లేనప్పుడు కారు కింద దూరాను. నట్టు వదులు చేసి, రాడ్డును రెండు చుట్లు తిప్పి పొట్టి చేసి, మళ్లీ బిగించాను. కాలనీలో ఒక చక్కరు కొట్టాను. రెండోది ఎంత మెత్తగా పడిందో! గెలిచాననుకున్నాను. ఒకే రాడ్డు ఒకటికి ఒకవైపు, రెండుకు ఎదురువైపు జరుగుతుంది గనక, రెండోది ఎంత లోపలికి పోతే ఒకటోది అంత తక్కువ పడుతుందని ఏ పిల్లవాడికైనా బోర్డు మీద గీసి చూపించగలను. ఆ చదును రోడ్డు మీద నాకది తోచనే లేదు.

బావుల్లో ఒక పద్ధతి ఉంది. షిఫ్టు దిగేవాడు తను ఏం ముట్టాడో, ఏం సగంలో వదిలాడో ఎక్కేవాడికి చెప్పాకే ఇంటికి పోవాలి. బాపు దాన్ని ఇంట్లోకీ తెచ్చాడు. పొయ్యి అప్పగించినా, తాళం అప్పగించినా అదే ప్రశ్న. ఆ సాయంత్రం నా చేతిలోంచి కారు తాళం తీసుకుంటూ అడిగాడు.

"చెప్పేదేమన్న ఉన్నదా బిడ్డా?"

"ఏం లేదు బాపూ. అంత నీ సత్తయ్యనే చేసిండు గద."

బాపు గేరును మెచ్చుకున్నాక, సత్తయ్య ముందే అసలు సంగతి చెప్పి అతని నోరు మూయించాలనుకున్నాను.

కమాన్‌పూర్ దారిలో బాపు ఎత్తు మీద ఆగి కదులుతుంటే ఒకటో గేరు ఊడిపోయింది. కారు వెనక్కి జారి కాలువలో పడింది.

పడిన కారు కింద దూరి చూసి వచ్చిన సత్తయ్య దవాఖానలో బాపు మంచం పక్కన నిలబడి, "నేను ఇడిసినప్పుడు రాడ్డు గట్ల లేదు కాకా, ఒట్టు" అన్నాడు. చుట్టూ ఉన్న కాలనీ జనం అతన్ని నోటికొచ్చినట్టు తిట్టారు. ప్రతి మాటకూ అడ్డం తిరిగే నేను ఆ ఒక్కరోజు నోరు మూసుకున్నాను. కాదు, ఇదీ అబద్ధమే. "మరి రాడ్డు దానంతటదే తిరిగిందా సత్తన్నా?" అన్నాను.

అతను నా ముఖం చూశాడు. బాపు మంచం దగ్గర్నుంచి బయటికి నడిచాడు. ఆ తర్వాత అతనికి బండి అప్పగించినవాళ్లు లేరు. షెడ్డు ఎత్తేసి పెళ్లాం పిల్లలతో కొత్తగూడెం వెళ్లిపోయాడు.

బాపు కర్ర పట్టుకుని నడిచి నడిచి, రాష్ట్రం వచ్చిన ఏడు పోయాడు. చెప్పడానికి నాకెన్ని రోజులున్నాయి! ఆయన బాధపడతాడని ఆగానని సర్దిచెప్పుకున్నాను. ఎవరి బాధ? నా పరువు పోతుందని ఆగాను. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. రాశాక మాత్రం గుండె కాస్త తేలికైంది. అదీ సిగ్గుగానే ఉంది.

ఒక్కటి మిగిలింది. దవాఖాన నుంచి వచ్చాక కూడా బాపు అమ్మను అడిగేవాడు, ఇంటికొచ్చిన పాలాయనను అడిగేవాడు, చెప్పేదేమన్న ఉన్నదా అని. నన్ను మాత్రం పోయేదాకా మళ్లీ ఒక్కసారి కూడా అడగలేదు. తెలిసే అడగలేదా? తెలిస్తే, సత్తయ్యను ఎందుకు పోనిచ్చినవ్ బాపూ?