నిలబడి గీసిన గీత

రైలు పట్టాలు రేపల్లెలో అయిపోతాయి. ఆ పైన కాలవలూ, మడ అడవులూ, సముద్రమూ. పట్టాలు మొదలయ్యే ఆ ఊరి నుంచి భవాని రోజూ పొద్దున్నే తెనాలి వెళ్లేది, కళ్లద్దాల పని నేర్చుకోవడానికి. పెనిమిటి పడవ మీద చేపల వేటకు పోతాడు. ఇంట్లో ఇంకో చెయ్యి ఆడాలని పట్టుబట్టి పంపింది మామగారు వీరబ్రహ్మం. మోకాళ్లు సహకరించక వేట మానేసిన మనిషి. గుమ్మంలో వలలు బాగుచేసుకుంటూ, "మా కోడలు డాక్టరు చదువుతోంది" అని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పేవాడు.

"డాక్టరు కాదు మామయ్యా, అద్దాలు బిగించే పని."

"కంటి పనేగదమ్మా. ఏదైతేనేం!"

తెనాలి కొట్టు యజమాని మల్లికార్జునరావుకు పని వచ్చు, ఓపిక లేదు. ఫోనుతో ఫొటో తీసి కొలిచే రోజులొచ్చినా ఆయన చేతి స్కేలునే నమ్ముతాడు. నలభై దాటాక దగ్గరి చూపు మందగిస్తే మనవాళ్లు దానికి చత్వారమని చక్కటి పేరు పెట్టారు గాని, దాని కోసం అద్దాలు తగిలించుకున్నవాడికి మెట్టెక్కడుందో తెలియకపోవడానికి మాత్రం ఏ పేరూ పెట్టలేదు. రెండు చూపుల అద్దంలో పైభాగం దూరానికి, కింది భాగం దగ్గరికి. మధ్యనుండే గీత కింది రెప్ప దగ్గరికి రావాలి.

"ఎదురుగా, సమానంగా కూర్చుని గుర్తు పెట్టాలమ్మాయ్," అని మొదటి వారమే చెప్పాడాయన. ఎందుకో చెప్పలేదు. భవాని అడగలేదు.

రెండో నెలలో ఆమె తొలి జత మామగారికే. వసారాలో ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్రేము పెట్టి, కింది రెప్ప ఎక్కడికొస్తుందో అద్దం మీద గుర్తు పెట్టడానికి పెన్ను పట్టుకుంది.

"స్టూలేసుకో అమ్మా, నడుం పట్టేస్తది."

"మీకెదురుగా కూర్చుంటానా మామయ్యా! పర్లేదులెండి."

నిలబడే గీసింది.

అద్దాలొచ్చిన రోజు వీరబ్రహ్మం వలలో ఒక్కొక్క కన్నూ లెక్కపెట్టి చూపించి మురిసిపోయాడు. మూడు వారాలకు బాపట్లలో బస్సు దిగుతూ పడ్డాడు. తుంటి విరిగింది. మంచం దిగకుండానే నలభయ్యో రోజున పోయాడు. బస్సు మెట్టు మరీ ఎత్తని అందరూ అన్నారు. భవానీ అదే అనుకుంది.

దినాలయ్యాక మళ్లీ కొట్టుకెళ్లింది. దుగ్గిరాల నుంచి ఒకావిడ, ఇంకెక్కడో చేయించుకున్న అద్దాలు పట్టుకొచ్చింది. "నడుస్తుంటే నేల మీదికి లేస్తోంది బాబూ."

మల్లికార్జునరావు ఆమె ముఖానికే స్కేలు ఆనించాడు. "గీత కింది రెప్పకు నాలుగు మిల్లీమీటర్లు పైనుంది. నిలబడి గుర్తు పెట్టుంటాడు మహానుభావుడు. పైనుంచి చూస్తే రెప్ప అద్దం మీద ఎత్తుగా కనపడుద్ది. గీత పైకి పోతే నేలంతా మసక. ఇక మెట్టు దిగినట్టే!"

ఆ సాయంత్రం భవాని ట్రంకుపెట్టెలోంచి మామగారి కళ్లద్దాలు తీసింది. కొలవడానికి స్కేలుంది, గీత ఉంది. ఆ కింది రెప్ప లేదు.

"మామయ్యకివి కుదిరాయా అత్తయ్యా?"

అత్తగారు పేరమ్మ ఆ అద్దాలు చేతిలోకి తీసుకుంది.

"గెడ్డం గుండెకానించుకుని నడిచేవాడు. కోడలికి చెప్పయ్యా, సరిచేస్తదంటే విన్నాడా? తొలిసారి చేసింది, వంక పెడితే పిల్ల బెదిరిపోద్ది, నాకే అలవాటవుద్దిలే అన్నాడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నా చూపూ ఆనడం లేదు. పారెయ్యకుండా నాకు సరిచేసి పెట్టవే."

"ఇవి సరికావత్తయ్యా. నేను నిలబడి గీశాను."

పేరమ్మకు అర్థం కాలేదు.

"నిలబడక? మామగారి ముందు కూర్చుంటావా ఏంటి?" అంది.