నీళ్లు పోసినాయన ఏడికి పోతడు?

మా పక్క క్వార్టర్ పెద్దమ్మ పోయిందని పోయిన నెల శ్రీరాంపూర్ నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడు నేను సుల్తానాబాద్‌లో పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతున్నాను. చెప్పులు వేసుకున్న కాళ్లతోనే గడపలో కూర్చుండిపోయాను. ఏడుపు కంటే ముందు ఒక ఆలోచన వచ్చింది. ఈపాటికి ఆమె అడిగే ఉంటుంది, ఏం జవాబు వచ్చిందో అని.

ఆమె దేవుణ్ని అడగాలనుకున్నది మా బాపు గురించి. బాపు, పెద్దమ్మ భర్త ఒకే బొగ్గుగనిలో, ఒకే షిఫ్టులో పనిచేసేవాళ్లు. ఆయనను నేను పెద్దనాయన అని పిలిచేదాన్ని. మాది ఏటా బోనం ఎత్తే ఇల్లు, వాళ్లది ప్రార్థన చేసుకునే ఇల్లు. పెద్దమ్మ చిన్ననాటి నుంచి విశ్వాసి. పెద్దనాయన మాత్రం ఇయ్యాల రేపు అంటూ ఏళ్లు గడిపి, చివరికి బాప్తిస్మానికి సరేనన్నాడు. ఆదివారం గోదావరిలో ఇద్దామనుకున్నారు. ఆ వారంలోనే గనిలో పైకప్పు కూలింది. బాపు, పెద్దనాయన అవతల చిక్కుపడ్డారు. రెస్క్యూ వాళ్లు దారి చేసుకుని చేరేసరికి బాపు ఒక్కడే ప్రాణంతో ఉన్నాడు.

లోపల జరిగింది బాపు ఒకే ఒక్కసారి చెప్పాడు. పెద్దనాయన నీళ్ల డబ్బా, సొట్టలు పడ్డ అల్యూమినియం డబ్బా, పెద్దమ్మ చేతికిస్తూ చెప్పాడు.

"వదినె, అన్న నీళ్లు తాగలే. 'తమ్మీ, ఆదివారం దాక నేనుండ, నువ్వే నెత్తి మీద పొయ్యి' అన్నడు. మీ మాటలు నాకు రావన్నా అంటే, 'యేసు పేరు చెప్పి పొయ్యి, సాలు' అన్నడు. ఇద్దరికి ఉన్నయే గుక్కెడు. పోసిన."

ఆ తర్వాత నాలుక తడుపుకోను చుక్క లేకుండా, ఆ చీకట్లో అన్న పక్కన బాపు ఎంతసేపు కూర్చున్నాడో బాపు చెప్పలేదు. పెద్దమ్మే తలచుకుని తలచుకుని కుమిలేది.

ఆ నీళ్లు చెల్లుతాయా అన్నది ఆమె మొదటి ప్రశ్న. ముంచితేనే బాప్తిస్మం, అదీ విశ్వాసి చేతుల మీదుగానే అన్నారు ఒక పాస్టర్. నీళ్లు గుర్తు మాత్రమే, మనసులో నమ్మితే రక్షణ అన్నారు ఇంకో సంఘం పాస్టర్. ప్రాణం పోయేవేళ ఎవరు పోసినా చెల్లుతుందన్నారు చర్చి ఫాదర్. ముగ్గురి మాటా ఓపికగా విని ఇంటికొచ్చి, "వాళ్లు చెప్పింది ఇన్న. ఇగ ఈడ ఏమున్నదో నేనే సూస్త" అని బైబిల్ తెరిచేది. వరస కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివేది. పొయ్యి మీద పప్పు మాడిపోతున్నా తెలిసేది కాదు. కొన్నాళ్లకు తేలికపడ్డ ముఖంతో, "సిలువ మీద యేసు పక్కనున్న దొంగకు ఎవలు నీళ్లు పోసిండ్రే? ఆయన పరలోకం పోలేదా?" అంది. పెద్దనాయన సంగతి అక్కడితో ఒక దరికి చేరింది.

తర్వాత కొన్నేళ్లకు ఊపిరితిత్తులు పాడై మా బాపు పోయాడు. అప్పుడు మొదలైంది అసలు ప్రశ్న. "నీళ్లు పోసినాయన ఏడికి పోతడు?" ఎక్కడికి పోయినా అదే అడిగేది. నమ్మలేదు కాబట్టి రక్షణ లేదన్నారు పాస్టర్లిద్దరూ. దేవుని దయ ఎంతో మన అంచనాకు అందదమ్మా అన్నారు ఫాదర్. మేం చీరలు మార్చినట్టు ఈమె చర్చీలు మారుస్తదని కాలనీ ఆడవాళ్లు నవ్వేవాళ్లు.

ఒకరోజు పిండి చేతులతోనే మా ఇంట్లోకి ఉరికి వచ్చింది. గిన్నెడు చల్లటి నీళ్లిచ్చినవాని కూలి ఊరికే పోదని బైబిల్లో ఉన్నదట. ఎంత సంబరమో ఆమెకు! తెల్లారేసరికి ముఖం వాడిపోయింది. ఇంకోచోట వేరే ఏ పేరుతోనూ రక్షణ లేదని ఉంది మరి. ఇంకా లోపలికి పోతే ధనవంతుని కథ. నరకం నిప్పుల్లో పడ్డ ఆ ధనవంతుడు పరలోకంలో ఉన్నవాళ్లను వేలికొనంత తడి అడిగితే, మధ్యలో అగాధం ఉంది, ఎవరూ దాటలేరన్నారు. అక్కడికి రాగానే పుస్తకం మూసేసేది.

"నీ బాపు తన గుక్క మా ఆయనకు పోసిండు బిడ్డా. రేపు ఆయన సుక్క అడిగితే లేదంటరా?"

నాకు ఒళ్లు మండింది. "మా బాపును నువ్వెందుకు నిప్పుల పెడ్తున్నవ్ పెద్దమ్మా? జర ఇడిసిపెట్టు ఆయనను" అన్నాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. "నేను పెడ్తలేను బిడ్డా. ఆడ లేడని ఎక్కడన్న రాసున్నదేమో అని ఎతుకుతున్న."

నాకు నరకం మీద నమ్మకం లేదు. అయినా ఆ రోజు నుంచి గ్లాసు ఎత్తితే చాలు, ఎండిపోయిన బాపు పెదాలు కళ్ల ముందుకు వస్తాయి. మా బాపు కోసం మా ఇంట్లో ఎవరం అంత వెతకలేదు. ఆ రుణం నాకు తీరేది కాదు.

చివరిసారి పోయినప్పుడు ఆమె మంచం మీద ఉంది. "దొరకలే బిడ్డా. ఇగ పోయి దేవున్నే అడుగుత. నేను పోయినంక గా డబ్బ నా పెట్టెల పెట్టు. నిండ వద్దు, గుక్కెడు పొయ్యి."

"అగాధం ఉన్నదంటివి గద పెద్దమ్మా?"

"గనిల గూడ అడ్డం పడ్డది. రెస్క్యూ వాళ్లు పోలేదా?" అంది.

సమాధి దగ్గర పాస్టర్ నా చేతిలో గుక్కెడు నీళ్లున్న డబ్బాను చూసి, మెత్తగానే, "ఇది మన పద్ధతి కాదమ్మా, బైబిల్లో లేదు" అన్నారు.

"ఆమెకు తెలుసు సార్, మొత్తం చదివింది" అన్నాను.

 ఆయన వంగి, ఆమె ఛాతీ మీది బైబిల్‌ను కొంచెం పక్కకు జరిపారు. నేను డబ్బా పెట్టాను. తాళ్లు వదులుతుంటే పెట్టె ఒకవైపు ఒరిగింది. లోపల నీళ్లు కదిలిన చప్పుడు అందరికీ వినిపించింది.