కాలితో ఆగే కత్తి

మా మేస్త్రిగారు పోయారని పొద్దున్నే ఫోన్ వచ్చింది. నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది.

నూజివీడులో మామిడికాయల గోదాం వెనక రేకుల షెడ్డు. అందులో బోర్లించిన కాయల ట్రే మీద కూర్చుని, పనికిరావని పారేసిన సైకిళ్లను విప్పేవారు. వాటితోనే పెడల్ తొక్కితే మొక్కజొన్న ఒలిచేవి, పశువులకు చొప్ప కోసేవి చేసేవారు. నాకు వెల్డింగ్ నేర్పారని కూడా అనలేను. ఆయన చెప్పేవారు కాదు, నేనే చూసి దొంగిలించాను. "ఆడపిల్ల చేతికి రాడ్డేంటండీ?" అని ఎవరైనా అంటే, "కూర్చోండి, మీ నోటికీ ఒక అతుకు వేయిస్తా" అనేవారు.

తుక్కుతో అద్భుతమంటూ ఫొటోలు దిగడానికి బోలెడుమంది వచ్చారు. ఒక్క బేరింగ్ తెచ్చిచ్చినవాడు లేడు.

చొప్ప మిషన్ దగ్గర ఆయనది ఒకటే పట్టు. సైకిల్ ఫ్రీవీల్‌ను ఉన్నదున్నట్టు పెడితే, కాలు ఆపినా కత్తి తిరుగుతూనే ఉంటుంది. అందుకే అది విడిగా తిరగకుండా అతికేసేవారు. అప్పుడు కాలు బిగబడితే కత్తీ ఆగుతుంది. "పెడల్ పిక్కకు కొడుతోందండీ" అని రైతులు గోల పెట్టేవారు. "పిక్కకు మందుంది. తెగిన వేలికి లేదు" అనేవారు.

ఆయన ఆసుపత్రిలో ఉండగా నేనొక్కదాన్నే మొదటి మిషన్ చేశాను, రెడ్డిగూడెంలో రెండు గేదెలున్న ఒక అక్కకు. "తేలిగ్గా తిరగాలే పిల్లా" అందామె. ఫ్రీవీల్ అతకలేదు. తెలియక కాదు, ఆమె మెప్పు కోసం. మంచం మీంచి ఆయన "అతికావా?" అని అడిగారు. "ఆఁ" అన్నాను. "అయితే భయం లేదు" అని కళ్లు మూసుకున్నారు.

అందుకే ఫోన్ పెట్టేశాక ఆయన ఇంటికి వెళ్లలేదు. వెల్డింగ్ సెట్ ఆటోలో వేసుకుని రెడ్డిగూడెం వెళ్లాను. దారంతా ఆ అక్క చెయ్యే కనిపించింది.

పాకలో వాళ్లాయన తొక్కుతున్నాడు. ఆమె చొప్ప తోస్తోంది. "ఆపండి!" అని అరిచాను. ఆయన కాలు తీశాడు. ఆమె నావైపు తిరిగింది, చెయ్యి ఇంకా మిషన్ నోట్లోనే ఉంది. కత్తి తిరుగుతోంది. మణికట్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. గాజు పగిలింది.

"ఏంటే, పిచ్చెక్కిందా నీకు?"

"మా మేస్త్రిగారు పోయారక్కా."

తర్వాత అంతా చెప్పాను. ఆమె తిట్టిన తిట్లన్నీ నిలబడి పడ్డాను. ఫ్రీవీల్ అతికాను.

"ముందు నువ్వే తొక్కు, చూస్తాను" అంది. సీటెక్కాను. ఆమె చొప్ప కట్ట తీసుకుని చెయ్యి ముందుకు చాపింది. గాజు గీరిన చోట సన్నగా నెత్తురు.

"తొక్కవే" అంది.

నా కాలు కదల్లేదు.