కుంపటి పెట్టని షెడ్డు

1955 జూన్‌లో మైలాపూరులోని ఒక కాలేజీ భౌతికశాస్త్ర విభాగంలో పరికరాల కీపరుగా చేరాను. కీపరంటే డిమాన్‌స్ట్రేటరుకు కింద, అటెండరుకు పైన. పాఠం చెప్పే అధికారం లేదు. అద్దం పగిలితే సంజాయిషీ చెప్పుకునే అధికారం మాత్రం సంపూర్ణంగా ఉండేది. మొదటి ఏడు ప్రొబేషన్, అంటే ఒక్క తప్పు దొరికినా ఇంటికే.

ఆ అక్టోబరులో మేడ మీది టెలిస్కోపు గది కప్పును మరమ్మతుకని విప్పారు. అరవవాళ్ళ ఐప్పసి నెల వానలు నెత్తి మీదికి వచ్చేశాయి. నాలుగంగుళాల కటకం ఉన్న ఆ టెలిస్కోపును వానలు వెలిసేదాకా ఎక్కడో భద్రపరచాలి. ఖాళీగా ఉన్నది పెరటివైపు రేకుల షెడ్డు ఒక్కటే.

మా ప్రొఫెసరు రంగనాయకులుగారిది తరాలుగా మద్రాసులో ఉన్న తెలుగు కుటుంబం. షెడ్డు చూడగానే, "ఈడ తేమ జాస్తిప్పా. పొద్దుగూకితే ఒక కుంపటి పెట్టించు. మా ఇంట్లో బిడ్డ గుడ్డలు అట్లనే ఆరేస్తారు," అన్నారు.

వద్దన్నాను. నిప్పు ఉన్నంతసేపే వెచ్చదనం. అది ఆరాక రేకుల కింద అద్దం గబగబా చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద మంచులా కూర్చుంటుంది. ఆ తడిలో పుట్టే బూజు దారాలు అద్దాన్నే తింటాయి. తుడిచినా మచ్చ పోదు. వేడి చేయని చోట టెలిస్కోపు గొట్టం బయటి గాలితోపాటే మెల్లగా వెచ్చబడి, మెల్లగా చల్లబడుతుంది. పొగ జిడ్డు బెడదా ఉండదు.

అక్కడితో ఆపి ఉండాల్సింది. నాకు ఆపడం చేతకాదు.

"మా నెల్లూరు దగ్గర ఒక దొరగారి దుర్బిణికి ఇట్లాగే కుంపటి పెట్టారండీ. వానలు వెలిసేసరికి అద్దం నిండా పుట్టగొడుగులు! వంటవాడు కోసి పులుసు పెట్టాడు. తిన్నవాళ్ళకి పట్టపగలే చుక్కలు కనబడ్డాయి."

చూలై నుంచి వచ్చే అటెండరు ఏసుదాసు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ప్రొఫెసరుగారు మాత్రం నవ్వలేదు. "నీ మాటల్లో నిజమెంతో కతెంతో దేవుడికే తెలియాల. సరి, కుంపటి వద్దు. అద్దానికి బూజు పట్టిందా, నీ ప్రొబేషన్ ఆడికి సరి," అన్నారు.

స్టాండు నుంచి గొట్టం విప్పి, గోడకు ఎడంగా, నేలకు ఎత్తుగా రెండు కొయ్య దిమ్మల మీద పడుకోబెట్టాం. కటకానికి మూత పెట్టాం. రెండో కొసలో పలుచని గుడ్డ సంచిలో సిలికా జెల్ గుళికలు ఉంచాం. నీలంగా ఉండే ఈ గుళికలు తేమ పీల్చి గులాబి రంగుకు తిరుగుతాయి. పెనం మీద వేయిస్తే మళ్ళీ నీలమవుతాయి. కుంపటి చివరికి అందుకు పనికొచ్చింది, అదీ దూరంగా వరండాలో. పనిలో పనిగా ఒక పద్ధతి కూడా చెప్పాను: అద్దం మీద మచ్చ కనబడితే ముందు తుడవకూడదు, కటకాన్ని కొంచెం తిప్పి చూడాలి. మచ్చ కూడా తిరిగితే అది కటకానిది. తిరక్కపోతే మరెక్కడిదో. ప్రొఫెసరుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నారు.

వానలు పట్టుకున్నాయి. గుళికలు మార్చడానికి వెళ్ళినప్పుడల్లా రేకుల కింద నిలబడి చెవులు రిక్కించేవాణ్ణి, ఎక్కడన్నా చుక్క కారుతోందేమోనని. నా కళ్ళద్దాల మీద రేకుల తుప్పు రాలేది. చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ కప్పు వంక చూసేవాణ్ణి. అన్నం తింటుంటే బూజు గుర్తొచ్చేది. పెరుగు మీద మీగడ తరక చూసినా అద్దమే గుర్తొచ్చేది. కథలు చెప్పడం కూడా మానేశాను. ఒంట్లో బాగాలేదేమోనని ఏసుదాసు మిరియాల కషాయం పెట్టించి తెచ్చాడు.

జనవరిలో ముగ్గురం షెడ్డులోకి వెళ్ళాం. మూత తీసి టార్చి వేశాను. అద్దానికి అడ్డంగా మసకగా ఒక చార, సాలీడు పోగులాగా. పద్ధతి గిద్ధతి అన్నీ మరిచి జేబురుమాలు తీశాను.

ప్రొఫెసరుగారు నా మణికట్టు పట్టుకున్నారు. "తిప్పు."

"ఏంటండీ?"

"అద్దం తిప్పవయ్యా. నువ్వు చెప్పిన మాటల్లో నేను నమ్మింది అదొక్కటే."

కటకం బిగించిన ఇత్తడి కట్టును పావు చుట్టు తిప్పాను. చార కదల్లేదు. ప్రొఫెసరుగారు నా గడ్డం పట్టుకుని తల పక్కకు వంచారు. చార నాతోపాటు వంగింది. కళ్ళద్దాలు తీసి, ముక్కు తగిలేంత దగ్గరగా చూశాను. కటకం అక్టోబరులో పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. తుప్పు గీసిన గీత నా కళ్ళద్దాలదే.

"సార్, పుట్టగొడుగు మొలిచింది ఆడనా?" అన్నాడు ఏసుదాసు నా చేతిలోని కళ్ళద్దాల వైపు చూపిస్తూ. అప్పుడు నవ్వారు ప్రొఫెసరుగారు.

టెలిస్కోపు ఉంచే చోటికి వేడి అక్కర్లేదు. గాలి ఆడాలి, గుళికలు పొడిగా ఉండాలి, మనిషి చేతులు దూరంగా ఉండాలి. మచ్చ కనబడితే తుడిచే ముందు తిప్పాలి. తిప్పే ముందు, చూసేవాడు తన కళ్ళద్దాలు తీసి చూసుకోవాలి. రిటైరయ్యేదాకా కొత్తగా చేరిన ప్రతివాడికీ ఈ క్రమంలోనే చెప్పాను. పుట్టగొడుగుల పులుసు సంగతి ఆ తరవాతే.